ఒకటి కొంటే సగం వార్తే

దేవరకొండ బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడపాలంటే రెండు పేపర్లు వేయించుకోవాలె. లేకుంటే సగం గిరాకీ పోతుంది. ఒకటి చదివినాయన 'సర్కారు మునిగింది' అంటూ లేస్తాడు. రెండోది చదివినాయన 'ఇంత మంచి సర్కారు మళ్ల రాదు' అని ఇంకో చాయ్ చెప్తాడు. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణను జనం బీఆర్‌ఎస్ పేపరనే అంటారు. వెలుగు పేపరు వివేక్ కుటుంబానిది, ఆయన 2025 జూన్‌లో రేవంత్ సర్కారులో మంత్రి అయ్యారు. ఎవరు ఎవరిని నిలదీస్తారో తెలియడానికి పేపరు పేరు చూస్తే చాలు, లోపలి పేజీలు తిప్పే శ్రమ లేదు.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగం చూడండి. మోటార్లతో పని లేకుండా శ్రీశైలం నీళ్లు నల్లగొండ మెట్టకు తెస్తామని వైఎస్ హయాంలో దాదాపు 44 కిలోమీటర్లకు పని మొదలైంది. రాష్ట్రం వచ్చాక దాదాపు పదేళ్లు కేసీఆర్, ఆపైన రేవంత్. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రెండు నెలలు తవ్వినా దొరికింది ఇద్దరి మృతదేహాలే. పాపం పదేళ్లు పట్టించుకోనోళ్లదని ఒక పక్షం, తొందరపడి తవ్వినోళ్లదని ఇంకో పక్షం. అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. కాకుంటే 2023 డిసెంబరులో అత్తాకోడళ్లు తారుమారయ్యారు. చిక్కుకున్నోళ్లది యూపీ, జార్ఖండ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్. ఇక్కడ వాళ్లకు ఓటు లేదు, పేపరుకు యాడ్ ఇచ్చే స్తోమత అంతకన్నా లేదు.

అడిగే ఛానెళ్లకు ఏమవుతుందో కూడా చూశాం. 2014 జూన్‌లో టీవీ9, ఏబీఎన్ కేబుల్లో మాయమయ్యాయి. సెప్టెంబరులో వరంగల్‌లో కేసీఆర్ అలాంటి ఛానెళ్లను పది కిలోమీటర్ల లోతున పాతరేస్తామన్నారు. కూలేనాటికి సొరంగంలో తవ్వాల్సి మిగిలింది పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఆ గడ్డపారలేవో ఇటు పంపి ఉంటే బాగుండేది. 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని ఎవరో తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. జర్నలిస్టుల ముసుగులో తిట్టేవాళ్లను బట్టలూడదీసి తిప్పుతామని రేవంత్ అసెంబ్లీలోనే అన్నారు. 2014లో చప్పుడు చేయనోళ్లు ఈసారి పత్రికాస్వేచ్ఛ కోసం రొమ్ము చరుచుకున్నారు. అప్పుడు చరుచుకున్నోళ్లకు ఇప్పుడు చట్టం గుర్తొచ్చింది.

వీటన్నిటి కింద ఉంటాడు మండల విలేకరి. చాలాచోట్ల జీతం లేదు, యాడ్ టార్గెట్ మాత్రం ఉంటుంది. పొద్దున ప్రశ్న అడిగిన లీడర్ దగ్గరికే మాపటికి పుట్టినరోజు యాడ్ కోసం పోవాలె.

"అన్నా, సొరంగం నీళ్లు ఎప్పుడొస్తయే?"

"గది మీ పేపర్ల రాస్తవా తమ్మీ?"

"రాసి పంపుతనే. యాడ్ పోంగ జాగుంటే ఏస్తరు."

"మరి ఫుల్ పేజీ రాసుకో."