ఒకే నెత్తి, రెండు బిల్లులు

మందు పెట్టించి జుట్టు సాఫు చేయించుకున్న ఆడపిల్ల మళ్లీ తన సొంత జుట్టుకు రావాలంటే ఏం చేయాలి? పార్లరు మెట్లెక్కకుండా ఉంటే చాలు. మొదళ్ల నుంచి వచ్చేది సొంత జుట్టే, దానికి వేరే రకంగా రావడం తెలియదు. ఇంత తేలిక పనికి డబ్బులు ఎవరిస్తారని మీరనుకుంటే, ఈమధ్య మీరు అచ్చంపేట మెయిన్ రోడ్డు మీదికి రాలేదన్నమాట. ఏమీ చేయకుండా కూర్చోవడానికి అక్కడ నాలుగంకెల ఫీజు పెట్టారు. దాని పేరు నేచురల్ హెయిర్ ట్రాన్సిషన్ ప్యాకేజీ. తొంభై రోజులు, ఆరు సిట్టింగులు, సీరం సీసా ఫ్రీ.

ఊరి పేరు చెప్పాను, పార్లరు పేరు చెప్పను. చెప్తే వాళ్లకు ఉచిత ప్రచారం, నాకు ఉచిత తిట్లు. అయినా ఏ ఊరి పార్లరైనా మాట ఒక్కటే. అమ్రాబాద్ నుంచి ఇంటరు చదివే బిడ్డను వెంటబెట్టుకొచ్చిన తల్లికి రెండేళ్ల కింద అక్కడ వినిపించిన మాట ఇది.

“అక్కా, మీ పాపది రఫ్ హెయిర్ అక్కా. స్మూతెనింగ్ చేపిస్తే సిల్కు లెక్క అయితది.”

“అయితది గానీ, ఎన్నొద్దులుంటది?”

“పర్మనెంట్ అక్కా.”

ఆరు నెలలు తిరిగేసరికి పర్మనెంటు కిందికి జారినట్టయింది. నెత్తి మీద బెత్తెడు మేర ఉంగరాలు లేచాయి, వాటి కింద నడుము దాకా ఇస్త్రీ చేసిన జుట్టు వేలాడుతున్నది. రెండింటికీ నడుమ సరిహద్దు రాయి పాతినట్టు ఒక గీత. దువ్వెన అక్కడికొచ్చి ఆగుతుంది, లాగితే ఎంటిక అక్కడే పుటుక్కుమంటుంది. తల్లి మళ్లీ పోయి అడిగింది: “పర్మనెంట్ అంటిరి గద?” జవాబు తయారుగా ఉంది: “చేసింది పర్మనెంటే అక్కా. కొత్తగా పెరిగిందాన్ని మేం చెయ్యలే గద.” పెరగడం జుట్టు తప్పు. ఆ తప్పు దిద్దడానికి ‘రూట్ టచప్’ అని ఇంకో బిల్లు. అట్లా నాలుగైదు బిల్లులు కట్టాక, జుట్టు సగం రాలాక, ఇప్పుడు అదే కుర్చీలో అదే బిడ్డను కూర్చోబెట్టి, “కెమికల్స్ మంచివి కావక్కా, నేచురల్‌కు రావాలె” అని ఉపదేశం.

ఇందులో విద్య ఏముందో చూద్దాం. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీను. దాని ఆకారాన్ని పట్టి ఉంచేవాటిలో గట్టివి గంధకపు బంధాలు. మందు పెట్టి ఆ బంధాలు తెంపుతారు, వేడి ఇస్త్రీతో చదును చేస్తారు, ఇంకో మందుతో ఆ చదును మీదే మళ్లీ కట్టేస్తారు. స్మూతెనింగ్ అన్నా, రీబాండింగ్ అన్నా ఇంతే. అయితే వెంట్రుక ఉంగరం తిరగాలా, నిటారుగా రావాలా అనేది తీర్మానమయ్యేది చర్మం లోపల, కుదురు ఆకారాన్ని బట్టి. అక్కడికి మందు పోదు. బయటికొచ్చిన వెంట్రుకకేమో ప్రాణం లేదు. ప్రాణం లేనిదానికి గాయమైతే మానదు. సీరం రాస్తే పైన మెరుపు అంటుతుంది, తలంటితే కారిపోతుంది. కనుక తిరుగు ప్రయాణానికి ఉన్న పనిముట్లు రెండే: ఓపిక, కత్తెర.

ఓపిక ఎంత కావాలో లెక్క కట్టుకోవచ్చు. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరుంబావు పెరుగుతుంది. ఏడాదికి 15 సెంటీమీటర్లు. నడుము దాకా 60 సెంటీమీటర్ల సొంత జడ కావాలంటే నాలుగేళ్లు. ప్యాకేజీ తొంభై రోజులు గనక, చివరి సిట్టింగు నాటికి బిడ్డ చేతికి అందేది ఇంచున్నర సహజత్వం. ఆ ఇంచున్నరనైనా పార్లరు పెంచలేదు. ఇంట్లో తిన్న జొన్నరొట్టె, పప్పు పెంచాయి. వాటికి జీఎస్టీ బిల్లు రాలేదు గనక ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ జుట్టు సాఫు చేసే మందుకు ఒక పురాణం ఉంది. అమెరికాలో గారెట్ మోర్గాన్ అనే నల్లజాతి మెకానిక్కు కుట్టుమిషన్ సూదులు వేడెక్కకుండా ఏదో ద్రావణం తయారుచేస్తూ, చేతులు ఒక గుడ్డకు తుడుచుకున్నాడట. గుడ్డ మీది నూగు నిటారుగా నిలబడిందట. పక్కింటి కుక్క మీద పూసి చూశాడట, అదీ సాఫైందట. ఆ తర్వాత తన నెత్తి మీద రాసుకున్నాడట. కథ ఎంత నిజమో గానీ, 1913 నాటికి ఆయన పేరు మీద హెయిర్ రిఫైనింగ్ కంపెనీ నడిచిన మాట వాస్తవం. అదే మోర్గాన్ పొగలో ఊపిరాడేందుకు మొహానికి తొడుక్కునే ముసుగుకు 1914లో పేటెంటు తీసుకున్నాడు. ఆ మనిషి ముందుచూపుకు దండం పెట్టాలి. ఇవాళ కెరాటిన్ ట్రీట్‌మెంటు పేరుతో జుట్టు సాఫు చేసే ఇరుకు గదిలోకి పోతే మనకు మొదట కావలసింది ఆయన రెండో సరుకే.

ఎందుకంటే, ఆ రకం మందుల్లో చాలావాటి నుంచి ఇస్త్రీ వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి లేస్తుంది. జువాలజీ ల్యాబులో కప్పను సీసాలో పెట్టి ఉంచే ఫార్మలిన్ గుర్తుందా, ఆ కుటుంబమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం దాన్ని మనుషులకు క్యాన్సరు తెచ్చే పదార్థాల మొదటి వరుసలో పెట్టింది. దాంతో సీసాల మీద ‘ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అని అచ్చేసి గ్లయాక్సిలిక్ ఆమ్లం పోయడం మొదలైంది. 2024లో ఫ్రాన్స్ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక యువతి సంగతి రాశారు. మూడుసార్లు జుట్టు సాఫు చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీములో ఉన్నది ఈ ఆమ్లమే. 2022లో అమెరికాలో 33 వేలకు పైగా ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఇట్లాంటి మందులు తరచుగా వాడినవాళ్లలో డెబ్భై ఏళ్లు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సరు వచ్చే అవకాశం 4.05 శాతంగా, అసలు వాడనివాళ్లలో 1.64 శాతంగా తేలింది. మందే కారణమని ఆ లెక్క తేల్చలేదు, అనుమానించక తప్పదని మాత్రం తేల్చింది. ఇదంతా కుర్చీలో కూర్చుని మందు పెట్టించుకునే పిల్ల గురించి. ఆ కుర్చీ వెనక రోజంతా నిలబడి ఇస్త్రీ పెట్టే పిల్ల గురించి ఏ ప్యాకేజీలోనూ ఒక్క లైను లేదు. ఆమె కూడా చుట్టుపక్కల ఊళ్లదే. ఆమెకు చున్నీ కొంగే మాస్కు.

‘ట్రాన్సిషన్’, ‘బిగ్ చాప్’ అనే మాటలు కూడా అమెరికా నల్లజాతి ఆడవాళ్లవే. వాళ్లకు నిటారు జుట్టు సోకు కోసం కాదు, కొలువు కోసం. ఉంగరాల జుట్టుతో ఆఫీసుకు పోతే పద్ధతిగా లేదన్నారు, బడికి పోతే ఇంటికి పంపారు. పుట్టిన జుట్టుతో ఉండే హక్కు కోసం చట్టం చేయించుకోవాల్సి వచ్చింది. 2019లో కాలిఫోర్నియా మొదటగా చేసింది, దాని పేరు క్రౌన్ చట్టం. అంత పోరాటం నుంచి మన పార్లరు ఏరుకొచ్చినవి రెండు ఇంగ్లీషు మాటలు, ఒక కాంబో ఆఫర్. బిగ్ చాప్ అంటే మందు తగిలిన జుట్టంతా ఒక్క దెబ్బకు కత్తిరించడం. మన దగ్గర దానికి ఎప్పటినుంచో ఏర్పాటుంది. అమ్రాబాద్ వాళ్లకైతే ఘాటు దిగితే శ్రీశైలం. గుండు కొట్టించుకుని వస్తే ట్రాన్సిషన్ ఒక్క పూటలో పూర్తి, పైగా మొక్కు కూడా తీరుతుంది. అయినా ఆడపిల్లకు గుండంటే ఊరంతా “ఏమైంది బిడ్డా” అని పలకరిస్తుంది. ఆ పలకరింపులకు జడిసే కదా ప్యాకేజీ కొనేది.

గుండ్ల మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. తిరుమల కల్యాణకట్టలో తీసిన తలనీలాలను పొడుగును బట్టి రకాలుగా వేరుచేసి ఈ-వేలం వేస్తారు, కోట్లు వస్తాయి. లోకంలో విగ్గుల వ్యాపారి మోజుపడేది మందు తగలని, రంగు పూయని జుట్టుకు. క్రిస్ రాక్ అనే నల్లజాతి హాస్యనటుడు తనవాళ్ల జుట్టు గోస మీద 2009లో విడుదలైన ‘గుడ్ హెయిర్’ అనే డాక్యుమెంటరీ కోసం, ఆ విగ్గుల జుట్టు ఎక్కడిదో చూద్దామని మన దేశం దాకా వచ్చాడు. సొంత ఉంగరాలు పెరిగేదాకా అమెరికా నల్లజాతి ఆడవాళ్లలో కొందరు తొడుక్కునేది మన ముసలమ్మల మొక్కుబడి జుట్టే. కొబ్బరినూనె తప్ప ఏదీ ఎరగని ఆ జుట్టు విమానమెక్కింది, దానికి బదులుగా మందు సీసాలు మనకు దిగాయి. ఈ వర్తకంలో ఎవరు గెలిచారో వెంకన్నకే తెలియాలి.

ఇప్పుడు నల్లమల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ప్యాకేజీ సీసా మీద ఉన్నది నల్లమలే. పచ్చటి అడవి బొమ్మ, జడ విరబోసుకున్న ఆదివాసీ స్త్రీ బొమ్మ. కింద వేర్లు, మూలికల పట్టీ. ఈమధ్య ఫోన్లలో కర్ణాటక నుంచి ఆదివాసీ నూనె అని నూటెనిమిది మూలికల వీడియోలు ఊదరగొట్టాయి కదా, అప్పటి నుంచి అడవి పేరు లేకుండా నూనె అమ్ముడుపోవడం లేదు. ముచ్చటేమంటే, ఆ బొమ్మలోని స్త్రీ జుట్టు గీత గీసినట్టు నిటారుగా ఉంది. అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం అచ్చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చూసిన జుట్టు అలలు తిరిగినదీ, ఉంగరాలు తిరిగినదీ. ఇవాళ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నిలబడితే మనమూ చూడొచ్చు. పార్లరు బొమ్మ గీసినాయన మాత్రం చెంచు స్త్రీకి కూడా ముందే స్మూతెనింగ్ చేయించి అడవికి పంపాడు. అమ్రాబాద్ బిడ్డను క్లాసులో “జంగిల్ లెక్కుంది నీ నెత్తి” అని వెక్కిరించారు. ఆ జంగిల్ వదిలించడానికి మొదటి బిల్లు, జంగిల్ పూయడానికి రెండో బిల్లు.

పట్టీలో మొదటి పేరు కుంకుడు. చెంచులు అడవిలో ఏరి గిరిజన సహకార సంస్థకో, షావుకారుకో తూచేదే. వాళ్లకు దక్కేది కిలోల లెక్క, సీసాకు పడేది మిల్లీలీటర్ల లెక్క. అది ‘సున్నితమైన ప్రకృతి స్పర్శ’ అని రాశారు చూడండి, అక్కడ నాకు నవ్వాగలేదు. కుంకుళ్లతో తలంటుకున్నవాళ్లెవరూ ఆ మాట రాయరు. కాయలు రాయి మీద పగలగొట్టి, నల్లటి గింజలు పిల్లలకు ఆడుకోవడానికి విసిరేసి, తొక్కల్ని వేడినీళ్లలో నానబెట్టి పిసికితే జిగురు నురగ వస్తుంది. అమ్మ రెండు మోకాళ్ల నడుమ మెడ ఇరికించి రుద్దుతుంది. ఒక్క చుక్క కంట్లో పడిందా, ఇల్లు అదిరిపోయే కేక. వెంటనే నోట్లో ఉప్పుకల్లు వేస్తారు, అది మంటను ఎట్లా తగ్గిస్తుందని అడిగితే ఇంకో మొట్టికాయ వేస్తారు. ముందు నూనె దట్టంగా పెట్టకుంటే కుంకుడు రసం జుట్టును పీచు చేస్తుంది కూడా. ప్రకృతి ఎవరికీ ఫేషియల్ చేయడానికి కూర్చోలేదు.

ఇక తాజా వార్త. ట్రాన్సిషన్ పూర్తయిన పిల్లలకు ఉంగరాలు ‘సరిగా సెట్ కాలేదట’. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, ఒకటి పక్కకు. అందుకని ‘నేచురల్ లుక్ కర్ల్స్’ అనే కొత్త సేవ మొదలైంది. వాడే మందు పాతదే, అమోనియం థయోగ్లైకొలేట్. అదే మందు పెట్టి పలక మధ్య ఇస్త్రీ చేస్తే నిటారు, పుల్లకు చుడితే ఉంగరం. మాఘమాసం పెళ్లిళ్లకు ఇప్పటినుంచే బుకింగు నడుస్తున్నది. ముహూర్తానికి పూలజడ కనక సహజంగా కనిపించాలి, రిసెప్షన్‌కు గౌను కనక సాఫుగా ఉండాలి. రెండింటికీ కలిపి సగం అడ్వాన్సు ముందే కట్టాలి, జుట్టు రాలితే మాత్రం డబ్బు వాపసు ఇవ్వరు.