గేటు దాటిన తండ్రి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక

వేసవి సెలవులు వచ్చినవో లేదో, పిల్లలు ఏకకంఠముగా ‘వండర్‌లా’ యనుటయు, తల్లి మెల్లగా వారి పక్షము వహించుటయు, తండ్రి నెలాఖరు తేదీని స్మరించి వార్తాపత్రికలో తల దాచుకొనుటయు భాగ్యనగరమునందలి మధ్యతరగతి గృహములలో ఏటేట జరుగు తంతు. ఆ త్రిపక్ష వివాదమును నాలుగు పాదములలో నిమిడ్చి తీర్పు చెప్పిన చాటుపద్య మొకటి కలదు. శతకములకును ప్రబంధములకును టీకా తాత్పర్యములు ముద్రించి వావిళ్లవారు లోకోపకారము చేసిరి గాని, ఈ పద్యము వారి కాలమునాటికి పుట్టలేదు. కర్త యెవరో తెలియదు. టీకాకర్తయే మూలకర్తయను ప్రవాదమును ఖండించుటకు నేను పూనుకొనను. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో నిరాధారమైనది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞ పట్టినాడు. మొదటి ప్రతిజ్ఞను నేనును పాటింతును. రెండవదాని విషయమున పాఠకులు ఓర్పు వహింపవలయును.

మూలము

వారమధ్యమందు బాలుర పొడుగెంచి
యింట మెక్కి బస్సు నెక్కి పోయి
గేటు దాటినంతఁ గిమ్మన కుండెడు
తండ్రి ధన్యుఁ డనుచుఁ దలఁపవలయు

ప్రతిపదార్థము

వారమధ్యమందు = శని ఆదివారములకు దూరముగా, మంగళ బుధ గురువారములలో నొకనాడు; బాలుర = సంతానముయొక్క (ఆడుపిల్లలకును ఇదియే వర్తించును); పొడుగు = అరికాలు మొదలు నడినెత్తి వరకు గల కొలత; ఎంచి = గోడకు నిలువబెట్టి, చెప్పులు విప్పించి, టేపుతో కొలిచి; ఇంటన్ = స్వగృహమునందు; మెక్కి = కంఠపర్యంతము భుజించి; బస్సున్ = ఆర్టీసీవారి శకటమును; ఎక్కి = సీటు దొరికినను దొరకకున్నను ఆరోహించి; పోయి = చేరి; గేటు = టికెట్టు చూపవలసిన ద్వారమును; దాటినంతన్ = దాటిన క్షణము మొదలుకొని; కిమ్మనక + ఉండెడు = ధరలనుగూర్చి పెదవి విప్పక యుండునట్టి; తండ్రి = పర్సు జేబులో గలవాడు; ధన్యుఁడు + అనుచున్ = కృతార్థుడని; తలఁపవలయున్ = భావింపవలెను.

తాత్పర్యము

జనసమ్మర్దము లేని దినమును ఎన్నుకొని, పిల్లల పొడుగును ముందే కొలిచి, ఇంటివద్దనే కడుపునిండ భుజింపజేసి, బస్సులో తీసికొనిపోయి, లోపల అడుగిడిన పిదప ఖర్చును గూర్చి ఒక్కమాటయు మాట్లాడని తండ్రియే ధన్యుడు.

విశేషములు

‘వారమధ్యమందు’ అను చోట కొన్ని ప్రతులలో ‘వారమంత్యమందు’ అని పాఠాంతరము కనబడుచున్నది. గణములు రెంటను సరిపోవును గాని అర్థము చెడును. వారాంతములందును పండుగ సెలవులందును టికెట్టు ధర పెరుగునన్నది యొక దోషము. అంతకు మించిన దోషము వేరొకటి కలదు. రావిర్యాలలో 2016లో తెరచిన ఆ వండర్‌లా యుద్యానమునందు గేటువద్ద చెల్లించిన సొమ్ము ఆనాటి రైడ్లన్నిటికిని చెల్లును గావున, మనము నిజమునకు కొనుచున్నది రైడ్లను కాదు, దినమును. ఆదివారమునాడు ఆ దినములో అధికభాగము వరుసలో నిలువబడి ముందున్నవారి వీపును చూచుటలోనే గడచిపోవును. ఎక్కువ సొమ్మిచ్చి తక్కువ దినము కొనుట ఏ అర్థశాస్త్రమునకును సమ్మతము కాదు. ఆఫీసులో సెలవు దొరకదందురేని, ఆ ఒక్క సెలవును దాచి యుంచుకొనుటకు ఇంతకంటె ఉచితమైన హేతువు వేరొకటి లేదని మా మతము.

‘బాలుర పొడుగెంచి’ యనుట ప్రమాణచర్చకు తావిచ్చుచున్నది. ఆర్టీసీ బస్సులో ఐదేండ్లు దాటి పన్నెండేండ్లు నిండని వానికి అర టికెట్టు. అచ్చట గణ్యమైనది వయస్సు. వయస్సు కంటికి కనబడదు గావున తల్లి చెప్పినదే వేదవాక్కు. ఇది శబ్దప్రమాణము. ఉద్యానద్వారమున అట్లు కాదు. 85 సెంటీమీటర్లకు లోబడిన శిశువునకు టికెట్టు లేదు. ఆపైన 140 వరకు బాలల టికెట్టు. అటుపైన పెద్దల టికెట్టు. ఇది ప్రత్యక్షప్రమాణము. ‘మావాడికింకా పదకొండు నిండలేదండీ, మా తమ్ముడి పోలిక, అందుకే ఈ పొడుగు’ అని తల్లి యెంత మధురముగా విన్నవించినను కొలతగీత కరగదు. సంవత్సరము పొడవునను పాలలో ఏదో యొక పొడి కలిపి త్రాగించి, ద్వారబంధముమీద పెన్సిలుతో గీతలు గీచి, పక్కింటి పిల్లవానితో సరిపోల్చి మురిసిన దంపతులు ఆనాటి యుదయమున మాత్రము ‘కొంచెం వంగి నిలబడరా’ అని కుమారుని చెవిలో ఉపదేశించుట ధర్మవిరుద్ధము, నిష్ఫలము కూడ. కావుననే కవి కొలతను ఇంటివద్దనే విధించినాడు. గేటువద్ద కొలిచినచో తేడా సొమ్ముతోపాటు పరువును కూడ చెల్లింపవలసి వచ్చును.

ఇచ్చట నొక ఆక్షేపము: అంగుళము పెరిగినంత మాత్రమున పూర్తి వెల గైకొనుట అన్యాయము గదా? సమాధానము: భయంకరమైన యంత్రములన్నిటికిని కనీసపు పొడుగు నియమము కలదు. బాలల టికెట్టుతో పోయినవాడు రోలర్ కోస్టర్‌ను క్రిందనుండి దర్శించి నమస్కరింపవలసినవాడే. పెద్దల వెల యిచ్చినవానికి ఆ భయము కూడ దక్కును. వెలకు తగిన వస్తువు దొరకుచుండగా అన్యాయమెక్కడ?

‘మెక్కి’ యనునది గ్రామ్యమని లాక్షణికులు ముక్కు విరుతురు. ‘భుజించి’ యన్నచో గణము చెడుట యటుండగా అసలు భావము కూడ నశించును. బయటి యాహారమును లోపలికి రానీయరన్నది ఇట్టి చోట్ల సామాన్య నియమము. నీరు లోపల దొరకును, అన్నము కొనవలయును. కావున ఇది మర్యాదగా తినదగిన సందర్భము కాదు. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నము తాలింపు వేసి, ‘ఇంకొక్క ముద్ద’ అనుచు నిద్రకన్నుల పిల్లల నోట కుక్కిన ఇల్లాలి శ్రమ యంతయు ఈ యొక్క క్రియలో ధ్వనించుచున్నది. ఆమె పేరు పద్యములో లేదు. ఆమె లేనిచో పద్యమే లేదు. మరి నిండు కడుపుతో గిరగిర తిరుగు యంత్రమెక్కిన యెడల ఆ పులిహోర గతి యేమని వైద్యులు శంకింతురు. మొదటి గంట శాంతరస ప్రధానమైన రైడ్లతో గడపి, రౌద్రభయానకములను మధ్యాహ్నమునకు వాయిదా వేయవలయునని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. సాయంకాలమునకు జంతికలును అరటిపండ్లును సంచిలో మిగిల్చి, ఆ సంచిని గేటు వెలుపల సామాను భద్రపరచుచోట విడిచి, తిరుగు బస్సులో విప్పుట ఉత్తమము.

‘బస్సు నెక్కి’ యనుటలో కాలనిర్ణయమునకు ఆధారము కలదు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 మొదలుకొని మహాలక్ష్మి పథకముక్రింద స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరములోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలోను ప్రయాణము ఉచితము. ఆంధ్రప్రదేశమున స్త్రీశక్తి పేర నట్టి వసతియే 2025 ఆగస్టు 15న మొదలైనది. కవి క్యాబును గాని కారును గాని పేర్కొనక బస్సునే యెన్నుకొనుటచేత పద్యము ఈ తేదీలకు తరువాతిదని ఊహింపవచ్చును. భార్యయు కుమార్తెయు ఆధార్ కార్డులు చూపి జీరో టికెట్టులు పొంది కిటికీప్రక్కన ఆసీనలగుదురు. కుమారునకు అర టికెట్టు. పూర్తి టికెట్టు తీసికొని కమ్మీ పట్టుకొని వ్రేలాడువాడు తండ్రి యొక్కడే. కండక్టరు ‘మీకొక్కరికేనా సార్?’ అని యడిగినప్పుడు ఆయన ముఖమున నుదయించు చిరునవ్వులో త్యాగమెంత, గణితమెంత యని విడదీయుట కష్టము.

‘గేటు దాటినంతఁ గిమ్మన కుండెడు’ అనునది పద్యమునకు ప్రాణము. ఈ మౌనము అన్ని చోట్లను సాధ్యము కాదు. 1938లో ఆరంభమై సాధారణముగా జనవరి 1న తెరచుకొను మన భాగ్యనగరపు నుమాయిషు ప్రదర్శనలో ప్రవేశరుసుము స్వల్పము. లోపల జెయింట్ వీల్‌కొక టికెట్టు, బొమ్మరైలుకొక టికెట్టు. అచ్చట తండ్రి అడుగడుగునను లెక్క పెట్టవలసినవాడే, నోరు విప్పవలసినవాడే. అమెరికాలో 1955లో తెరచిన డిస్నీల్యాండున సైతము చిరకాలము రైడ్లకు వేరువేరు చీటీల పుస్తకము లమ్మి, 1982లో గాని ఆ పద్ధతి మానుకొనలేదు. ఒక్క టికెట్టుతో అన్నియు అను ఏర్పాటులో లెక్క గేటువద్దనే ముగియును గావున, ఆపైన మౌనము వహించుటకు వీలు కలదు; వీలున్నచోట వహింపకుండుట దోషము.

అయినను మౌనమునకు పూర్వరంగ మొకటి కావలయును. నీటి యాటలకు నూలుబట్టలు పనికిరావు, నైలాను దుస్తులు కావలయును. అవి ఇంటినుండియే, లేదా మేనత్త గారింటినుండియైనను, తెచ్చుకొనవలయును. లాకరు కుటుంబమంతటికిని ఒక్కటే. రైడు దిగునప్పటికి తెరమీద సిద్ధముగా నుండు ఫొటోను చూచి నవ్వుకొనవచ్చును, కొనరాదు. ఐస్‌క్రీము తలకొక్కటి. ఈ శాసనములను ముందునాటి రాత్రి భోజనసమయమున చదివి వినిపించి, పిల్లలచేత ఊకొట్టించుకొనవలయును. అట్లు చేయని తండ్రి లోపల పాప్‌కార్ను పొట్లము ధరను టికెట్టు ధరతో భాగించి శేషమును గొణుగుకొనుచుండగా, వేవ్‌పూల్ అంచున మోకాలిలోతు నీటిలో నిలిచిన చిన్నవాడు రాబోవు అలను చూడక తండ్రి ముఖమును చూచి, ‘నాన్నా, ఇంక చాలు, పోదామా?’ అనును. ఆ పిల్లవాడు అలసి యన్నమాట కాదది. లెక్క వినబడి యన్నమాట. అప్పటికి టికెట్టు సొమ్ము చెల్లిపోయినది, తిరిగి రాదు. చెల్లించిన సొమ్మునకు ఫలము ననుభవింపనీయకపోవుటయే అసలైన దుబారా. పొదుపు తప్పు కాదు. పొదుపును గేటు లోపలికి తీసికొనిపోవుట తప్పు.

అలంకారము కావ్యలింగము, ధన్యతకు హేతువులు ముందు మూడు పాదములలో చెప్పబడినవి గనుక. ఛందస్సు ఆటవెలది; ఆటలను గూర్చిన పద్యమునకు వేరొకటి యేల?

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో పఠించినవారు పిల్లల కోరిక విన్నంతనే పత్రిక చాటునకు పోరు. కాగితము తీసికొని లెక్క వేయుదురు, వేసి ముగింతురు. పఠించినందులకు టికెట్టుమీద రాయితీ మాత్రము లభింపదు. అది ముందుగా ఆన్‌లైనులో కొన్నవారికిని, గుర్తింపు కార్డు చూపిన కళాశాల విద్యార్థులకును లభించును. ఇట్టి ఉద్యానములపై పన్ను 28 శాతమునుండి 2018 జనవరిలో 18 శాతమునకు దిగినది. అది చదివినవారికిని చదువనివారికిని సమానము.