చదువు కోసమే కొన్నాం

తెలుగు తండ్రులు చెప్పిన అబద్ధాలకి పోటీ పెడితే, "చదువు కోసమే కంప్యూటర్ కొన్నాం" అన్నదానికి కళ్లు మూసుకుని మొదటి బహుమతి ఇచ్చేయొచ్చు. రాయ్‌పూర్‌లో ఏ తెలుగింటి గృహప్రవేశానికి వెళ్లినా, ఉగాది పచ్చడికి వెళ్లినా, రిటైరైన పెద్దాయన ఒకరు ఈ పాట ఎత్తుకుంటారు. "మేం అప్పుచేసి మరీ కంప్యూటర్ తెచ్చాం. పిల్లలు ఎంత పద్ధతిగా వాడేవారనుకున్నారు! ఇప్పటి వెధవల్ని చూడండి, ఫోన్లు పట్టుకుని పాడైపోతున్నారు." పక్కనున్న పెద్దాయన అవునవునంటాడు, తన ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఆ పద్ధతి ఎలా ఉండేదో చూసినవాళ్లం ఇంకా బతికే ఉన్నాం.

1931లో రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయ్యాక, శ్రీకాకుళం వైపు నుంచీ విజయనగరం వైపు నుంచీ ఎన్నో కుటుంబాలు ఆ పట్టాల వెంబడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డాయి. రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో సాయంత్రం పూట నడిస్తే ఇప్పటికీ ఇంగువ తిరగమోత వాసన ఏ ఇంటిదో పేరుతో సహా చెప్పొచ్చు. ఈ కాలనీల తండ్రులకి కంప్యూటర్ మొదట పరిచయమైంది శత్రువుగా. 1983లో బ్యాంకుల్లో ఎన్ని యంత్రాలు పెట్టొచ్చో యూనియన్లూ యాజమాన్యాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్న కాలం అది. 1985లో న్యూఢిల్లీలో రైలు రిజర్వేషన్‌కి కంప్యూటర్ పెట్టారని తెలియగానే, గేటు మీటింగుల్లో మన ఉద్యోగాలు మింగడానికి భూతం వస్తోందని పిడికిళ్లు లేచాయి.

ఆ పిడికిళ్లు పదిహేనేళ్లలో దణ్ణాలయ్యాయి. 1998 నవంబరులో హైదరాబాదులో వాజ్‌పేయి హైటెక్ సిటీ ప్రారంభించారు. 2000 మార్చిలో క్లింటన్ అక్కడికి వచ్చి వెళ్లాడు. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్న పుణ్యాన, వాటిని దిద్దడానికి ఎంతోమంది మనవాళ్లు అమెరికా విమానం ఎక్కారు. హైదరాబాదులో భవనం లేస్తే ఇక్కడ మా కాలరు లేచింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ న్యూజెర్సీలో ఉన్న ఎవరి అల్లుడి కబురో ఒకటి మోసుకొచ్చేవాడు. పిడికిలెత్తిన నాన్నగారే కంప్యూటర్ కొనడానికి పీఎఫ్ లోను పెట్టారు.

స్కూటర్ కన్నా ఎక్కువ ఖరీదు పెట్టి కొన్న ఆ పెంటియం పెట్టె జైస్తంభ్ చౌక్ దగ్గర సైకిల్ రిక్షా ఎక్కింది. సీపీయూ కాళ్ల దగ్గర, మానిటర్ నాన్నగారి ఒళ్లో. గుమ్మంలో దిష్టి తీశారు. మానిటర్ నుదుటికి కుంకుమ పెడుతూ అమ్మ, "దీనికి ముఖం ఎటువైపండీ?" అని అడిగింది. ఆనాటి నుంచి మా ఇంట్లో దానికీ ఆవకాయ జాడీకీ ఒకటే మడి: తడి చెయ్యి తగలకూడదు, పొద్దు గూకాక తియ్యకూడదు, పిల్లలు ఆ చాయలకే పోకూడదు. మూడు ముక్కల గుడ్డ కవరు, అంచుకి లేసు. కీబోర్డు మీద కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ కాగితం తియ్యనే లేదు. "ఎ" నొక్కితే ఆ కాగితం ముడతపడి పక్కనున్న "ఎస్" కూడా పడేది. థర్మోకోల్‌తో సహా అట్టపెట్టె అటక ఎక్కింది, గ్యారంటీ ఉంటుందని. గ్యారంటీ పోయింది, కంప్యూటర్ పోయింది, పెట్టె ఇంకా ఉంది.

ఆ లేసు కుట్టింది మా అక్క. ఆ కంప్యూటర్‌లో అక్కకి ముట్టుకునే హక్కున్న భాగం కూడా ఆ కవరే. ఆడపిల్లకి టైపు చాలన్నారు, నేర్చుకోడానికి పంపించారు. ఇంట్లో మీటలకేసి చూడకుండా పది వేళ్లతో టైపు కొట్టగలిగింది అక్క ఒక్కతే. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కునే నేనేమో కాబోయే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఈ సంగతి "పద్ధతి" గురించి చెప్పే పెద్దాయనలు ఎందుకో ఎప్పుడూ ఎత్తరు.

ఇక వైరస్. చెప్పులు బయట విడవకపోతే వైరస్ వస్తుందని గట్టి నమ్మకం. అందులో బడి తప్పూ ఉంది, కంప్యూటర్ గది ముందు చెప్పుల వరస గుడి ముందు కన్నా పొడుగ్గా ఉండేది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్, దాన్నే చెర్నోబిల్ అన్నారు, దేశదేశాల్లో కంప్యూటర్లని మూగవి చేసింది. హార్డ్ డిస్కు తుడిచేసి, కొన్నిటి బయాస్ చిప్‌ని కూడా చెరిపి పారేసింది. ఆ వార్త చదివిన మా కాలనీ తండ్రులు తీర్పు ఇచ్చేశారు: పిల్లలు గేమ్‌లాడబట్టే.

పరీక్షలొస్తే ఆనకట్ట. మా వీధిలో తండ్రుల పద్ధతి ఏమిటంటే, పొద్దున్న డ్యూటీకి పోతూ మౌస్‌ని వైరు చుట్టి టిఫిన్ డబ్బా పక్కన సంచీలో వేసుకుపోవడం. ఎలక తోక సంచీలోంచి వేలాడుతుండగా వరసగా షెడ్డుకి నడిచేవారు. మౌస్ లేనిదే కంప్యూటర్ కదలదని వాళ్ల ధీమా. అసలు సంగతేమిటంటే, జాన్ రొమేరో చేసిన డేంజరస్ డేవ్ ఆటకి గాని, జోర్డాన్ మెక్నర్ 1989లో తెచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాకి గాని మౌస్‌తో పనే లేదు. కీబోర్డుంటే చాలు, డేవ్ దూకుతాడు, ప్రిన్స్ వేలాడతాడు. విండోస్‌లోకి పోవాలన్నా దారి దొరికింది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కితే పక్కనున్న అంకెల మీటలే మౌస్ అవుతాయి. ఎనిమిది పైకి, రెండు కిందకి, ఐదు నొక్కితే క్లిక్కు. మౌస్ పట్టుకోలేని వికలాంగుల కోసం పెట్టిన ఏర్పాటు అది. మాకు చేతులు బాగానే ఉన్నాయి, మౌసే డ్యూటీకి పోయింది. బళ్లో మూడేళ్లు చెప్పినా రాని కంప్యూటర్ ఆ పరీక్షల నెలలో వచ్చింది.

బడి మాత్రం చెప్పాల్సింది చెప్పింది. కంప్యూటర్ పితామహుడెవరు? చార్లెస్ బాబేజ్. ర్యామ్ అనగానేమి? రెండు మార్కులు. సీపీయూ బొమ్మ గీసి భాగాలు గుర్తించుము, ఐదు మార్కులు. ముగ్గురికి ఒక కంప్యూటర్, దాన్ని తాకేది మాస్టారు. పిల్లాడు కంప్యూటర్‌కి పని చెప్పాలి గాని కంప్యూటర్ పిల్లాడికి పాఠం ఒప్పజెప్పకూడదని సీమోర్ పాపర్ట్ అనే ఆయన 1980లోనే పుస్తకం రాసి మొత్తుకున్నాడు. ఆయనా, ఆయన తోటివాళ్లూ తయారుచేసిన లోగో భాషలో తెర మీద తాబేలుకి "ఎఫ్‌డి 100, ఆర్‌టి 90" అని చెబితే గీతలు గీస్తూ పోతుంది. మా బళ్లో ఆ ఆజ్ఞల్ని ఎర్ర ఇంకుతో మార్జిన్ కొట్టి నోట్సులో రాయించారు. తాబేలు మాత్రం కదలలేదు.

ఇన్నేళ్లూ గమనించాక నాకు తేలింది ఇది: మన ఇళ్లకి యంత్రమంటే భయం ఎప్పుడూ లేదు. పిల్లాడి ముఖంలో సంతోషమంటేనే భయం. అదే యంత్రం జీతం తెస్తే విద్య, నవ్వు తెస్తే వ్యసనం. మౌస్ సంచీలో వేసుకుపోయిన చేతులే, కొడుకు బెంగళూరులో రోజుకి పద్నాలుగు గంటలు తెర ముందు కూలబడితే "మావాడు బాగా సెటిలయ్యాడండి" అని మిఠాయి పంచాయి. కళ్లు పాడవుతాయన్న మాట అప్పుడెందుకో గుర్తు రాలేదు.

ఆ సెటిలయ్యే ఆశ మీద వ్యాపారం చేసినవాళ్లకి కూడా మా ఊరే కలిసొచ్చింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ పుట్టింది, ఆంధ్రప్రదేశ్ పుట్టిన తేదీనే. రెండేళ్లకి ఒక చట్టం చేసి ప్రైవేటు విశ్వవిద్యాలయాలకి తలుపులు బార్లా తెరిచారు. చూస్తుండగానే 112 లేచాయి. చాలావాటికి భవనమూ ప్రాంగణమూ లేవు, బోర్డు మాత్రం ఉంది. ప్రొఫెసర్ యశ్‌పాల్ కోర్టుకెక్కితే 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటుని కొట్టేసింది. పిల్లాడు డేవ్ ఆడుతున్నాడా అని కిటికీలోంచి తొంగిచూసిన తండ్రులు ఆ బోర్డుల వెనక గది ఉందో లేదో తొంగిచూడలేదు. ఫీజు కట్టే చోట అనుమానపడితే మర్యాద కాదు.

తర్వాత ఫోన్ల కాలం. 2018లో సంచార్ క్రాంతి యోజన కింద దాదాపు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు పంచుతామని ప్రభుత్వమే బయల్దేరింది. ఆడవాళ్ల చేతికి ఫోను వస్తే కాపురాలేం కావాలని రచ్చబండల మీద బెంగపడ్డ మగవాళ్లు ఆ బెంగని వాట్సాప్‌లోనే పంచుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 7న "పఢయీ తుంహర్ దువార్" అంటూ చదువు మీ గుమ్మంలోకే వస్తుందన్నారు. అంతవరకూ బీరువాలో తాళం పడ్డ ఫోన్‌ని, పొద్దున్నే పిల్లాడికి స్నానం చేయించి మరీ వాడి ముందు పెట్టారు. "ఫోన్ పట్టుకోలేదేంరా?" అన్న తిట్టు చరిత్రలో మొదటిసారి అప్పుడే విన్నాం.

ఇప్పుడు కొత్త పండగ. 2025 మేలో నవా రాయ్‌పూర్‌లో ఏఐ డేటా సెంటర్ పార్కుకి ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ శంకుస్థాపన చేశారు. పేపర్లో ఫొటో పడ్డ వారంలోనే మా బంధువుల్లో ఒక మావయ్య ఫోన్ చేశాడు. కొడుకుల దగ్గర మౌస్ దాచిన బ్యాచే. మనవడు ఆరో తరగతి, వాణ్ణి ఏఐ కోర్సులో చేర్పించాడట, సంవత్సరం ఫీజు ఒకేసారి కట్టేశాడట.

"మరి ఫోనో, కంప్యూటరో ఇచ్చారా మావయ్యా?"

"భలేవాడివే! ఇస్తే ఆటలాడి పాడైపోడూ? వాళ్లే నోట్సు ప్రింటు తీసి ఇస్తామన్నారు. చదువు కోసమే కదరా!"