రెండు ముక్కల్లో చిక్కడపల్లి

మా చిక్కడపల్లిలో ఎవరైనా ‘రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను’ అన్నారంటే కుర్చీలో కాస్త వెనక్కి జారి, సుఖంగా సర్దుకుని కూర్చోవాలి. త్యాగరాయ గానసభ పుణ్యమా అని పొద్దుగూకేసరికి ఏదో ఒక సన్మానమో పుస్తకావిష్కరణో జరిగే పేట ఇది. సమయాభావం వల్ల క్లుప్తంగా మాట్లాడమని అధ్యక్షులవారు కోరతారు. క్లుప్తత ఎంత గొప్పదో వక్తగారు పావుగంట వివరిస్తారు. అలాంటి పేట మీద నిమిషం రీల్స్ తీస్తామని మా మేనల్లుడూ, వాడితో ఇంజనీరింగ్ వెలగబెడుతున్న ముగ్గురు మిత్రులూ బయల్దేరారు.

మన దేశంలో టిక్‌టాక్‌ని 2020 జూన్ నెలాఖరులో నిషేధించారు. పట్టుమని పక్షం రోజులైనా గడవకుండానే ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల రీల్స్ దిగాయి. మొదట్లో రీలుకి 15 సెకన్లే గడువు. కొన్నాళ్లకి 30 చేశారు. 2021లో 60, 2022లో 90, 2025 వచ్చేసరికి ఏకంగా 3 నిమిషాలు. ఇదంతా వ్యాపారమని మావాడంటాడు. నాకు మాత్రం, మా పై వాటా తాతగారి సంగతి ఎలాగో కాలిఫోర్నియా దాకా పాకిందనే అనుమానం.

గడువెంత ఉన్నా మా పిల్లలు నిమిషం దాటనివ్వరు. మొదటి మూడు సెకన్లలో జనాన్ని పట్టెయ్యాలట, లేకపోతే బొటనవేలితో పైకి తోసేస్తారట. ఆ పట్టుని ‘హుక్’ అంటారు. మొదటి హుక్ సిటీ సెంట్రల్ లైబ్రరీకి వేశారు. మావాడు గేటు ముందు నిలబడి, కళ్లు పెద్దవి చేసి, గొంతు బాగా తగ్గించి, ‘చిక్కడపల్లిలో ఈ ప్లేస్ ఎవరికీ తెలీదు’ అన్నాడు. వెనకాల నించి ఆ ఎవరికీ తెలియని ప్లేసులోకి గ్రూప్స్ అభ్యర్థులు బ్యాగులూ నీళ్ల సీసాలతో బిలబిలమంటూ పోతున్నారు. వాళ్లలో ఒకాయన ‘జర జరుగు తమ్మీ, సీటు పోతది’ అని మావాణ్ణి పక్కకి నెట్టాడు కూడా.

లైబ్రరీ బయట చాయ్ దగ్గర బైట్ కోసం మైకు పెడితే, ఆ పిల్లల్లో ఒక్కడూ మొహం చూపించలేదు. ‘గ్రూప్-2 గురించి ఎంతసేపైనా చెప్తనన్నా, నా మొహం మాత్రం పడనియ్యకు. ఈ టైముల నేను లోపట చదువుతున్ననని ఇంట్ల అనుకుంటుండ్రు. మా నాయిన పొద్దుందాక రీల్సే చూస్తడు’ అన్నాడొకడు. చేసేదిలేక ఆ కుర్రాడి చాయ్ గ్లాసుని ఇంటర్వ్యూ చేశారు. గ్లాసు పట్టుకున్న బొటనవేలు చాలా ఆవేదనగా నటించిందని నా అభిప్రాయం.

టిఫిన్ బండి దగ్గర కథ ఇంకో రకం. బండాయన మా పిల్లలకంటే ముదురు. వీళ్లు ట్రైపాడ్ కాళ్లు విప్పుతుండగానే, ‘ఎండకు ఎదురుగ పెట్టకు తమ్మీ, చట్నీ తెల్లగ కొడ్తది’ అన్నాడు. ఫోన్ నిలువుగా ఉందో లేదో చూసుకున్నాడు. అట్లకాడని గాల్లో ఒకసారి తిప్పి, వెన్న ముద్దని దోశ నడిబొడ్డున వేసి, అది కరిగి అంచులదాకా పారేవరకూ ఊపిరి బిగబట్టి చెయ్యి కదపలేదు. తర్వాత కెమెరా వైపు చూసి, ‘ఇగో, గిక్కడ కట్ చెయ్’ అన్నాడు. ముందునించీ నిలబడ్డ మాకు మాత్రం పొడి దోశలే. వెన్న కెమెరాకే.

క్రాస్ రోడ్స్ థియేటర్ల ముందు వీళ్ల పప్పులు ఉడకలేదు. కొత్త సినిమా రోజున సంధ్య దగ్గరా దేవి దగ్గరా మైకులు పట్టుకునేవాళ్లు ప్రేక్షకులకంటే ఎక్కువుంటారు. బయటికొస్తున్న జనం మీద మీద పడుతుంటే, మావాడినే ఎవరో ఆపి ‘సెకండాఫ్ ఎట్లుంది బ్రో?’ అనడిగారట. సినిమా చూడకుండానే ‘ల్యాగ్ ఉంది’ అని చెప్పొచ్చాడు. వాడి రీల్స్ అన్నిటికంటే ఆ ముక్కకే ఎక్కువ వ్యూస్ వచ్చాయని ఇప్పటికీ కుళ్లిపోతుంటాడు.

ఇక తాతగారు. ఏజీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ‘తాతగారూ, అప్పట్లో క్రాస్ రోడ్స్ ఎలా ఉండేదో ఒక్క లైన్లో చెప్పండి’ అని మావాడు అడగడమే ఆలస్యం, లోపలికెళ్లి ఎప్పుడో గానసభలో కప్పిన శాలువా కప్పుకుని వచ్చారు. మే నెల. చిన్న మైకుని శాలువా జరీ అంచుకి తగిలించారు.

‘ఒక్క లైనేగా, చెప్తా. ముందు నేనసలు హైదరాబాద్ ఎందుకు రావలసొచ్చిందో తెలియాలి నీకు’ అని మొదలుపెట్టారు. బెజవాడలో రైలెక్కారు. ఖమ్మంలో ఎవరిదో ట్రంకుపెట్టె తారుమారైంది. ఆ పెట్టెవాళ్లు దూరపు చుట్టాలని తేలింది. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి ఎందుకు ఆగిపోయిందో కూడా తేలింది. కాజీపేటలో టీ తాగేసరికి ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. రెండో ఫోన్ పెట్టారు. సికింద్రాబాద్‌లో దిగి, ఇప్పుడు లేని సుదర్శన్ 70 ఎం.ఎం. ముందు బ్లాకు టికెట్టు బేరమాడుతుండగా లోపలినించి బామ్మగారు భోజనానికి పిలిచారు. ‘అసలు విషయానికి ఇంకా రాలేదర్రా, చేతులు కడుక్కుని వస్తా’ అని లేచారాయన.

సాయంత్రం ఎడిటింగుకి కూర్చుంటే, రికార్డయిన దాంట్లో ముప్పాతిక వంతు జరీ బరబరలే. శుభ్రంగా వినిపించింది ఒకే ఒక్క వాక్యం: ‘ఆగవోయ్, చెప్తున్నా కదా!’ మధ్యలో ఏదో అడగబోయిన మావాణ్ణి చెయ్యెత్తి గదమాయించినప్పటిది. దానికి స్లోమోషన్ పెట్టి, శాలువా ఎగిరేలా చేసి, కళ్లకి నల్లద్దాలు తగిలించి, హీరో ఎంట్రీ మ్యూజిక్ వేశారు. మొత్తం ఏడు సెకన్లు. పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ కూడా పక్కకిపోయి ఇదే తిరిగింది. పాలబ్బాయి కూడా తాతగారికి సెల్యూట్ కొట్టి, ‘ఆగవోయ్’ అన్నాడు.

తాతగారు మురిసిపోయారు. కాకపోతే కనబడినప్పుడల్లా ఒకటే ప్రశ్న: ‘మిగతాది ఎప్పుడొస్తుందోయ్?’ ఆ బాధ పడలేక నలుగురు కుర్రాళ్లూ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నారు. నిన్న ఆయన వాళ్లకోసం కింద గేటు దగ్గరే కుర్చీ వేయించుకున్నారు. శాలువా సిద్ధంగా ఉంది.

‘ఒరేయ్ అబ్బాయ్, లైవ్ అని ఒకటుందటగా, అందులో కటింగులుండవటగా. అదెంతసేపు?’ అనడిగారు.

‘నాలుగు గంటలు తాతగారూ’ అన్నాడు మావాడు, నీరసంగా.

తాతగారు వేళ్లమీద ఏదో లెక్కేసుకున్నారు. ‘పర్లేదు, కాజీపేట దాకా వచ్చేస్తాం’ అన్నారు.