యాప్‌లో చక్రం తిప్పేదెవరు?

ఏసీ తరగతులకు తత్కాల్ బుకింగ్ ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11కి మొదలవుతుంది. ఆ క్షణానికి దేశమంతటా ఫోన్లలో ఒక చిన్న చక్రం తిరగడం ఆరంభిస్తుంది. డబ్బు కట్టే దశకు చేరితే దాని కింద సుగ్రీవాజ్ఞ: వెనక్కి వెళ్లరాదు, రిఫ్రెష్ నొక్కరాదు. లోపలేదో మహాయజ్ఞం జరుగుతోందని, తాము కదిలితే అది భగ్నమవుతుందని జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

చక్రానికి ఆ యజ్ఞం సంగతి బొత్తిగా తెలియదు. సర్వర్‌ను అడిగే ముందు ప్రోగ్రామర్ ‘ఈజ్‌లోడింగ్’ అనే మీట వేస్తాడు, జవాబు రాగానే తీసేస్తాడు. మధ్యలో తిరిగేది ఉత్త బొమ్మ. సర్వర్ కూలినా, తీగ తెగినా దాని వేగం వెంట్రుకవాసి తగ్గదు. ఎర్రర్ వచ్చినప్పుడు కూడా మీట తీయాలన్న సంగతి ప్రోగ్రామర్ మరిచాడా, ఇక బ్యాటరీ ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. గీత చదవకుండానే స్థితప్రజ్ఞత సాధించిన ఉద్యోగి ఇదొక్కటే.

మొదట్లో ఉద్దేశం మంచిదే, పాపం. పని ఎంత శాతం పూర్తయిందో చూపే పట్టీ ఉంటే జనానికి నచ్చుతోందని బ్రాడ్ మయర్స్ 1985లో పరిశోధనపత్రం రాశాడు. కానీ శాతం చెప్పాలంటే మిగిలిన పని ఎంతో తెలియాలి. చక్రానికి లెక్కలతో పనిలేదు. ఏది గెలిచిందో వేరే చెప్పాలా?

2010లో క్రిస్ హారిసన్ బృందం ఇంకో కిటుకు పట్టింది. పట్టీ మీద చారలు వెనక్కి జారుతున్నట్టు గీస్తే, అదే నిరీక్షణ 11 శాతం తక్కువగా అనిపిస్తుందట! కొత్త సర్వర్ కొనడం కన్నా చారలు గీయడం చవకని ఏ ఫైనాన్స్ మేనేజరుకైనా ఇట్టే అర్థమవుతుంది. మరుసటి ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ర్యాన్ బ్యూల్, మైకేల్ నార్టన్ మరీ ముందుకెళ్లారు. ప్రయాణాల సైటు ఫలితాలు ఠక్కున ఇచ్చేకన్నా, కాసేపు ఆపి ఎక్కడెక్కడ వెతుకుతోందో చూపిస్తే జనం దానికే ఎక్కువ విలువిచ్చారని తేల్చారు. అడగ్గానే సర్టిఫికెట్ చేతిలో పెడితే నకిలీదేమోనని తిప్పి తిప్పి చూసే మనకు ఇందులో వింతేముంది?

చక్రం ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. పోలార్ అనే యాప్‌లో చక్రాలు చేర్చాక, యాప్ నెమ్మదించిందని ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. చక్రం పెట్టి జనాన్ని గడియారం చూసేలా చేశామని దాని రూపకర్త లూక్ వ్రోబ్లెవ్‌స్కీ 2013లో రాశాడు. వాటి బదులు స్కెలిటన్ తెరలు దించాడు: రావలసిన సరుకు ఆకారంలో బూడిదరంగు దిమ్మెలు. ఇప్పుడు ఆకలితో ఫోన్ తెరిచినవాడికి ముందు కనిపించేది బిర్యానీ కాదు, దాని అస్థిపంజరం.

2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ చక్రాన్ని చూపే ‘ప్రోగ్రెస్ డైలాగ్’ పెట్టెకు స్వస్తి చెప్పమంది. అది తెరకు అడ్డంగా నిలబడి మనిషిని ఏ పనీ చేయనివ్వదని అభ్యంతరం. ప్రోగ్రామర్లు బుద్ధిగా విన్నారు. అచ్చం అలాగే అడ్డుపడేదాన్ని సొంతంగా తయారుచేసుకున్నారు.

అదే ఏడాది ఎయిర్‌బిఎన్‌బి యాప్‌లలో బొమ్మలాడించే ‘లాటీ’ అనే సాధనాన్ని విడుదల చేసింది. దాంతో చక్రానికి బదులు స్కూటరెక్కిన పిజ్జా, గంతులేసే రూపాయి వచ్చాయి. యాప్ నెమ్మదిగా ఉందని క్లయింట్ అంటే, మంచి లోడర్ పెడదామని మీటింగులో నిర్ణయమవుతుంది. ఆ బొమ్మ ఫైలును కొందరు నెట్ నుంచే దించుతారు. అది దిగేలోపు తెర మీద ఏం చూపించాలన్నది వచ్చే వారం మీటింగు అజెండా.