ఏకగ్రీవం

మా తగరపువలసలో సంఘం అంటే ఏమిటో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. పక్కనున్న చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడేదాకా షిఫ్టు సైరనూ గేటు మీటింగుల నినాదాలూ వింటూ పెరిగిన ఊరు. అందుకేనేమో, ఉపాధ్యాయుల జాతీయ మహాసభలు విశాఖలోనే అనగానే ప్రతినిధి బ్యాడ్జీ కోసం మా మండలంలో చిన్నపాటి ఎన్నికే జరిగింది. నాకూ ఒక బ్యాడ్జీ దక్కింది. చర్చలో మాట్లాడే అవకాశం మాత్రం మా సీనియర్ మాస్టారిది. డీఎస్సీ 98 బ్యాచ్. బస్సు ఆనందపురం, మధురవాడ దాటి హనుమంతవాక చేరేలోపే ఆయన ఉపన్యాసం మొత్తం మాకు వినిపించేశారు. కండక్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

హాలు గుమ్మం దగ్గర కండువాలు వేసుకున్న కుర్రాళ్ళూ ఆడపిల్లలూ నమస్కారం పెట్టి సంచీ అందించారు. అందులో నోటుపుస్తకం, పెన్ను, భోజనం కూపన్లు, కార్యదర్శి నివేదిక, ఒక క్రెడెన్షియల్ ఫారం. మధ్యాహ్నం లోపు నింపి ఇమ్మన్నారు. ఎంత మర్యాదగల పిల్లలో! మనవాళ్ళ పిల్లలే అయ్యుంటారనుకున్నాను.

జెండా ఎగిరింది. అమరులకు నివాళి అయింది. తీర్మానాలు మొదలయ్యాయి. కొఠారీ కమిషన్ 1966లో అడిగినట్టు జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఇవ్వాలి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళ నెత్తిన పెట్టిన సీపీఎస్ పెన్షన్ విధానం రద్దు చేయాలి. 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టులతో సరిపెట్టకుండా ఏటా డీఎస్సీ వేయాలి. కేరళ మాట్లాడింది, బెంగాల్ మాట్లాడింది. అనువాదకుడికి గొంతు పోయింది. అప్పటికి సగం హాలు టీ దగ్గరే ఉంది.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ మీద తీర్మానం అనగానే కుర్చీలన్నీ నిండిపోయాయి.

సంగతి తెలిసిందే. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సర్వీసులో ఉన్నవాళ్ళయినా సరే, రిటైర్మెంటుకు అయిదేళ్ళకు మించి ఉంటే రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఇంటికే. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొనసాగవచ్చు గాని, పాసవకుండా ప్రమోషన్ మాత్రం అడగకూడదు. టెట్ పుట్టిందే 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌తో. అంతకుముందు చేరినవాళ్ళకు అందులోనే మినహాయింపు ఉంది. ఆ మాట నమ్ముకుని పదిహేనేళ్ళు పాఠాలు చెప్పుకున్నవాడికి, యాభై దాటాక పియాజే, వైగాట్‌స్కీలను బట్టీ పట్టి నూట యాభై ప్రశ్నలకు కంప్యూటరు ముందు కూర్చోమంటే కడుపు మండదా మరి? న్యాయమైన మంటే.

మా మాస్టారు మైకు అందుకున్నారు.

"ఇరవయ్యేడేళ్ళుగా పరీక్షలు పెడుతున్నవాణ్ణి. నా దగ్గర అక్షరాలు దిద్దినవాడు ఇవాళ జిల్లాలో ఆఫీసరు. నాకు చదవడం, రాయడం వచ్చో రాదో ఇప్పుడొక మౌస్ తేల్చాలా? మా సర్వీసే మా అర్హత! ఇంకే రుజువూ మేం ఇవ్వం!"

హాలు లేచి నిలబడింది. అర్థం కాని తమిళ సోదరులు కూడా పిడికిళ్ళు ఎత్తారు. తీర్మానం ఏకగ్రీవం. కిందికి దిగిన మాస్టారితో సెల్ఫీలకు వరస కట్టారు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఒక వాలంటీరు పిల్ల ఆ వరస అయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది.

సాయంత్రం క్రెడెన్షియల్ కమిటీ నివేదిక. మహాసభల్లో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. అందరికన్నా పెద్ద ప్రతినిధి ఎవరు, చిన్న ప్రతినిధి ఎవరు, మహిళలు ఎందరు, ఉద్యమాల్లో జైలుకు వెళ్ళినవాళ్ళు ఎందరు? మన జాతకమంతా అందులో ఉంటుంది. కన్వీనరు రిటైరైన హెడ్మాస్టరు. వేదికెక్కి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నివేదిక ఇవ్వలేకపోతున్నందుకు మన్నించండి. మిగతా రాష్ట్రాల ఫారాలు ఫరవాలేదు. ఇబ్బందల్లా ఆతిథ్యం ఇస్తున్న మన రాష్ట్రంతోనే. పుట్టినతేదీ దగ్గర ఇవాళ్టి తేదీ వేశారు. ఆ లెక్కన ఈ సభలో పసిపిల్లలు చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో చేరిన తేదీ అడిగితే రిటైరయ్యే తేదీ రాశారు. జైలు జీవితం ఎన్ని రోజులు అంటే ఒకాయన ఇరవయ్యేడేళ్ళన్నారు. సర్వీసు గడిలో రాయవలసింది ఒక గడి కిందికి జారింది."

నవ్వులు. నేను మా మాస్టారి వైపు చూశాను. ఆయన భోజనం కూపన్ను చాలా శ్రద్ధగా చదువుతున్నారు.

"ఫారాలు వెనక్కి ఇస్తున్నాం. దయచేసి మళ్ళీ నింపండి. ప్రశ్న చదివి జవాబు రాయాలి, అంతే. అయినా కష్టమనిపిస్తే కౌంటరు దగ్గర మన వాలంటీర్లున్నారు, మొహమాటపడకుండా అడగండి. దగ్గరుండి నింపిస్తారు. ఉద్యోగాల్లేక ఖాళీగా ఉన్నారు గాని, అందరూ టెట్ పాసైన పిల్లలే."