‘పొయ్యొద్దాం’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము

వచ్చే ఆదివారం తెల్లారుజామున అందురూ లేస్తే తిరపతి జూకి పొయ్యొద్దాం.

అవతారిక

ఈ వాక్యకర్త మా అన్న. గుర్రంకొండ వాస్తవ్యుడు, ఏకవాక్య గ్రంథకర్త. బుధవారం రాత్రి సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసుకుంటూ, ఎవరూ అడగకుండానే దీన్ని వెలువరించాడు. మంగళాచరణం లేదు. ‘‘ఉప్పు చాలిందా?’’ అని వదిన అడిగినదానికి జవాబుగా వచ్చింది కాబట్టి సందర్భశుద్ధి కూడా లేదు. ఛందస్సు ఏదీ కుదరదు గానీ యతి ఒకటి ఉంది, అది ‘లేస్తే’ దగ్గర పడుతుంది.

ఇంత చిన్న మాటకు వ్యాఖ్యానం దేనికని కొందరు అనొచ్చు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా సీమంతా కడప జిల్లానే. ఆ కడపలో కొలువు చేసిన బ్రౌను దొర జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత వసుచరిత్రకూ మనుచరిత్రకూ టీకలు రాయించాడు, జీతమిచ్చి మరీ. నాకు జీతమిచ్చేవాళ్లు లేరు. అయితే వసుచరిత్ర అర్థం కాకపోతే ఎవరికీ పస్తు తప్పనిసరి కాదు. ఈ వాక్యం అర్థం కాకపోతే ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలగదు.

టీక

అన్వయక్రమంలో మొదట ‘తిరపతి’ని పట్టుకోవాలి. గొడవ మొదలైంది అక్కడే.

తిరపతి = ఈ పదం చెవిన పడ్డాక మా అమ్మకు దాని తర్వాతి పదం వినబడలేదు. ‘‘తిరపతికి పోయి కొండెక్కకుండా వచ్చేదుందా? ఆయప్ప వాకిటి దాకా పోయి మొగం చూపకుండా తిరుక్కుంటే ఊరుకుంటాడా?’’ అన్నది. శాస్త్రం ఆమె పక్షమే. ముఖ్యార్థం చక్కగా కుదురుతున్నప్పుడు లక్ష్యార్థానికి పరిగెత్తకూడదని ఆలంకారికుల మాట. తిరపతికి ముఖ్యార్థం స్వామి. జూ అన్నది ఆ పేరును ఆశ్రయించి బతికే లక్ష్యార్థం. పైగా అది వట్టి జూ కూడా కాదు. 1987లో శేషాచలం కొండల అడుగున మొదలైన ఆ జూకు పెట్టిన పేరే శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల. మన పురాణాల్లో తిరిగే మృగాలు, పక్షులు అన్న ఊహ మీద దాన్ని తీర్చారు. కాబట్టి సింహం ముందు నిలబడి ‘‘అమ్మవారి వాహనం’’ అని అమ్మ చెంపలు వేసుకుంటే, అది జూ వాళ్ల ఉద్దేశానికి విరుద్ధం కాదు.

అన్న పూర్వపక్షం: ఆదివారం పూట టోకెన్ లేకుండా సర్వదర్శనానికి నిలబడితే సోమవారం దాకా కంపార్టుమెంటులోనే కూర్చోవాలి, పిల్లోళ్లు చూసేది మనుషుల్నే.

అమ్మ ఉత్తరపక్షం: ‘‘అయితే నడిచి ఎక్కుదాం. ఆడ కూడా మృగాలే కదా.’’ ఇది వేళాకోళం కాదు, ప్రమాణం ఉంది. 2023లో చిరుతల భయంతో అలిపిరి నడకదారి భక్తుల చేతికి టీటీడీ కర్రలిచ్చింది. అప్పుడు బోనుల్లో పడిన చిరుతల్ని తెచ్చి పెట్టింది కూడా ఈ జూలోనే.

మధ్యవర్తిత్వం వదినది. శ్రీనివాస మంగాపురం మనం పోయే దిక్కునే ఉంది, అక్కడున్నదీ ఆయనే, పెళ్లయిన కొత్తలో అమ్మవారితో కలిసి ఉన్న చోటు. కొండెక్కలేని వాళ్లు అక్కడ చూసుకున్నా అదే ఫలమని పెద్దలంటారు. ఈ వ్యాఖ్య అమ్మకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు గానీ, పట్టుచీర బయటికి తీసింది.

జూకి = ఈ పదానికి పాఠాంతరాలు మూడు కనిపిస్తున్నాయి. మూడూ ఫోన్లో వచ్చినవే.

మదనపల్లె ప్రతిలో ‘హార్సిలీ కొండకి’ అని ఉంది. దగ్గర, చల్లన, 4,000 అడుగుల ఎత్తు, గాలికి టికెట్టు లేదు అని లేఖకుడైన మా మేనత్త కొడుకు వాదం. దీని మీద మా అన్న పెద్దకొడుకు, నాలుగో తరగతి, ఒక వ్యుత్పత్తి చెప్పాడు: ‘‘హార్స్ అంటే గుర్రమే కదా చిన్నాయనా. మన కొండా గుర్రమే, ఆ కొండా గుర్రమేనా?’’ అపశబ్దమే అయినా ముచ్చటగా ఉంది. అసలు సంగతి ఏమంటే హార్సిలీ కడప కలెక్టరు. కింది ఎండకు తాళలేక 1870 ప్రాంతంలో అక్కడ బంగళా కట్టుకున్నాడు. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. కొండమీద ఉండే మల్లమ్మ అనే పుణ్యాత్మురాలికి ఏనుగులు తిండి తెచ్చి పెట్టేవని స్థలపురాణం. ఏనుగును దించి దొరనెక్కించారు. దొర పేరులోనైనా ఒక గుర్రం దూరిందని మావాడికి సంతోషం. ఈ పాఠాన్ని నేను తోసిపుచ్చలేదు, వానాకాలానికి వాయిదా వేశాను.

పుంగనూరు ప్రతి మా అత్తది. ‘‘ఆవు చూడండి ముందు’’ అని. మూడడుగులు దాటని ఆ పొట్టి ఆవు జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఏళ్లుగా కాపాడుకొస్తున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చినప్పటి నుంచి అత్త వాటికి దగ్గరి చుట్టం మాదిరి మాట్లాడుతుంది. అత్త చెప్పేది మేకపిల్ల అంత ఆవు అని. అంత చిన్నది మాత్రం కాదు.

కుప్పం ప్రతి వేరే రసం. ఫోనెత్తిన మామ జూ మాట వినగానే, ‘‘ఏనుగును చూసేదానికి టికెట్టు ఎందుకప్పా? ఈడికి రండి. రాత్రిపూట మా చెరుకు తోటలోకే వస్తాయి. తిని, తొక్కి, మోటరు పైపులు విరిచి పోతాయి. చూసినోడికి మేమే ఎదురు డబ్బులిస్తాం’’ అన్నాడు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం మొదలైంది. వాటి కోసమే పలమనేరు, కుప్పం అడవుల్లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. గుంపుల్ని వెనక్కి తరమడానికి 2025లో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని ఆంధ్రకు ఇచ్చింది. అంటే ఏనుగుల మీదికి ఏనుగుల్నే పంపుతున్నాం. జూలో కమ్మీకి ఇవతల నిలబడి తొండాన్ని మెచ్చుకోవడం, పొలం గట్టు మీద టపాకాయ చేతిలో పట్టుకుని నిలబడడం ఒక రసం కాదు. మొదటిది అద్భుతం, రెండోది భయానకం. మామ మాటలో ఉన్నది ఆ రెండూ కాదు, అప్పు. దాన్ని ఏ ఆలంకారికుడూ రసాల్లో చేర్చలేదు.

వచ్చే ఆదివారం = ఆదివారమే, సందేహం లేదు. హైదరాబాదు మేనల్లుడు మాత్రం ‘‘జూకు సోమవారం సెలవు, ఆ ముందురోజు రద్దీ’’ అని ఒక ప్రక్షిప్తం చేర్చాడు. అది వాళ్ల నెహ్రూ జూ సంగతి. తిరపతి జూకు సెలవు మంగళవారం.

తెల్లారుజామున = దీనికి అన్న చెప్పుకునే అర్థం ఐదు గంటలకు బండి కదలడం. దారి ఇది: వాయల్పాడు, కలికిరి, పీలేరు, భాకరాపేట, ఘాటు దిగితే తిరపతి వైపు. నూరు కిలోమీటర్ల దరిదాపు. మదనపల్లె చుట్టుపక్కల మెట్టసీమ చల్లదనానికి అలవాటైన ఒళ్లు ఘాటు దిగగానే ఆ వేడిని ఒప్పుకోదు. పదకొండు దాటితే జంతువులూ ఒప్పుకోవు, నీడ వెతుక్కుంటాయి. సింహం అన్నది దినంలో 20 గంటల దాకా పడుకునే జీవం. మిట్టమధ్యాహ్నం పోయి దాన్ని చూడడమంటే ఆదివారం పూట మా అన్నను చూడడమే. దానికి బాడుగ కారు అక్కర్లేదు. అంతే కాదు, ఆ జూ 5,500 ఎకరాలకు పైమాట. నడిచి చూస్తామని బయల్దేరిన కుటుంబం జింకల దగ్గరే చెప్పులు విడిచి కూలబడుతుంది. కాబట్టి పొద్దున్నే చేరాలి, ముందు సఫారీ చూసుకోవాలి, లోపల తిప్పే బండికి డబ్బులు లెక్కచూడకూడదు. నెమళ్లూ జింకలూ ఎప్పుడైనా కనబడతాయి. పులి అట్లా కాదు.

ఈ పదంలో గూఢార్థం ఒకటుంది. అందరూ తెల్లారుజామున లేవాలంటే ఒకరు నడిరేయి లేవాలి. చిత్రాన్నం కలిపి, పెరుగన్నం గిన్నెకు గుడ్డ కట్టి, నిప్పట్లు, బొరుగులు వేరుగా మూటకట్టి, చిన్నదానికి రెండు జతలు గుడ్డలు సర్దే మనిషికి తెల్లారుజాము అంటే రెండు గంటలు. మూలంలో ఈ అర్థం వాచ్యం కాదు, వ్యంగ్యం. వాక్యకర్తకు అసలు స్ఫురించలేదని టీకాకారుడి అభిప్రాయం.

లేస్తే = షరతు. ఇది లేకపోతే వాక్యం వాగ్దానం అయ్యేది. అన్న గట్టివాడు.

అందురూ = సర్వశబ్దానికి సంకోచం ఉంటుంది. ఊరందరికీ భోజనాలు పెట్టామంటే పిలిచినవాళ్లకనే అర్థం. ఇక్కడ సంకోచించేది బాడుగ కారు. అందులో ఏడుగురు పడతారు. మేం ఆరుగురమే. కానీ చిన్నది జూ సంగతి వీధిలో చాటింది కాబట్టి పక్కింటి పిల్లోళ్లు ఇద్దరు ‘అందురూ’లో చేరిపోయారు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోతుందని అన్న అంటాడు. ఎవరి ఒళ్లో అన్నది చెప్పడు.

అసలు చిక్కు వేరే. అందరూ పోతే ఇంటికి కాపలా ఎవరు? దీనికి మా కొండే నిదర్శనం. గుర్రంకొండ కోటకు ఒక గుర్రం కాపలా ఉండేదట. అది పైన ఉన్నంతకాలం కోట ఎవరికీ పడదని నమ్మకం. ఒక మరాఠా మొనగాడు నిట్టనిలువు బండ మీదుగా ఎగబాకి ఆ గుర్రాన్ని దించుకుపోయాడు. కిందికి చేరేలోపే పట్టుబడ్డాడు కానీ అప్పటికే గుర్రం కోటను వదిలేసింది, మహిమ పోయింది, కోట పడింది. తర్వాత ఎన్ని చేతులు మారిందో చెప్పడానికి కొండకింద రంగిణీ మహలూ, టిప్పు మేనమామ మీర్ రజా అలీఖాన్ సమాధీ ఉన్నాయి. కథలో గమనించాల్సింది ఏమంటే, దొంగ దొరికినా లాభం లేకపోయింది. జంతువు చోటు వదలడమే తప్పు.

మా కొట్టంలోనూ ఒక జంతువుంది. సీమావు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పితికి పాల కేంద్రంలో పోయాలి. అది వదిన చేతికి తప్ప చేపదు. ఆమె దూడను వదిలి, పొదుగు తడిపి, ఏదో కూనిరాగం తీస్తే గానీ దానికి మనసు రాదు. పూట తప్పితే పొదుగు గట్టిపడుతుంది, రాత్రంతా అరుస్తుంది. కాబట్టి నూరు కిలోమీటర్ల అవతల ఐదున్నర వేల ఎకరాల్లో ఉన్న మృగాల్ని మేం ఎంతసేపు చూడొచ్చో నిర్ణయించేది కొట్టంలో కట్టేసిన ఈ ఒక్కటి. సాయంత్రం ఐదుకల్లా అది మమ్మల్ని చూడాలి.

తాత్పర్యము

అయిదు గంటలకు కదలాలనుకుని ఆరున్నరకు కదిలి, పీలేరులో ఇడ్లీకి ఆగి, మంగాపురంలో స్వామిని చూసి, అమ్మ అక్కడ ఇంకొంచెంసేపు కూర్చుంటానంటే కూర్చోబెట్టి, జూకు చేరేసరికి సింహం పడుకుని ఉండగా దానికి రాయి వేయబోయిన పక్కింటివాణ్ణి చెవి పట్టి లాగి, చిత్రాన్నం కోతులకంటే ముందు మనమే తిని, సఫారీ బండిలో కిటికీ కోసం పిల్లలు కొట్టుకోగా, చీకటి పడకముందే ఘాటు ఎక్కి ఇల్లు చేరుదాము అని భావము.

పొయ్యొద్దాం = పోవడం సగం, రావడం సగం. పోవడానికి కర్త మా అన్న.

శంక: పై లెక్కన ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. సాయంత్రం పాలు ఎవరు పితుకుతారు?

సమాధానం: మూలంలో ఆవు ప్రస్తావన లేదు. కాళిదాస కావ్యాలకు టీక రాసిన మా తెలుగు మహానుభావుడు కోలాచల మల్లినాథ సూరి, మూలంలో లేనిదేదీ రాయనని ముందే ప్రతిన చేసి మొదలుపెట్టాడు. ఈ టీకాకారుడూ ఆ పెద్దాయన దారినే పోతున్నాడు.

పై సమాధానాన్ని వదినకు చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోలేదు, ఖండించనూ లేదు. సత్తు చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘‘టీకలో ఏడుమందికే సీటు అని రాసినావు కదా మరిదీ. పిల్లోళ్లతో ఎనిమిది అయ్యింది. చదువుకున్నోడివి, నువ్వు ఉండు’’ అన్నది.

అందుచేత ఆదివారం లోపల ఆవుకు నా చెయ్యి అలవాటు కావాలి. వదిన చెప్పినట్టే దూడను వదిలాను, పొదుగు తడిపాను. కూనిరాగం మాత్రం ఏది తీసినా ఆవు తల తిప్పి చూస్తోంది గానీ, ఇంకా చేపలేదు.